మ్యాప్‌లో గీత ఉంది, నేల మీద దారి ఉందా? ఆఫ్‌రోడ్‌కి ఏ నావిగేషన్ యాప్ పెట్టుకోవాలి

ఫోన్‌లో నీలం చుక్క సరిగ్గా గీత మీదే ఉంది. ముందు మాత్రం దారి లేదు. నడుం ఎత్తు గడ్డి, దాని వెనక ఏదో వరదకు కోసుకుపోయిన గట్టు, కింద బండరాళ్లతో నిండిన వాగు. యాప్ మాత్రం ఇంకా 6 కిలోమీటర్లు నేరుగా పొమ్మంటోంది. బండి తిప్పుకునే చోటు కూడా లేదు. ఒకరు దిగి వెనక నడుస్తూ చేతులతో సైగలు చేస్తుంటే ముప్పావు కిలోమీటరు రివర్స్‌లోనే వచ్చాం. ఆ రోజు జీపీఎస్ తప్పు చెప్పలేదు. మేం ఎక్కడున్నామో సరిగ్గానే చెప్పింది. తప్పంతా ఆ గీతది. ఎవరో ఎప్పుడో గీశారు, తర్వాత ఎవరూ వెళ్లి చూడలేదు.

అందుకే ఎవరైనా ‘ఆఫ్‌రోడ్‌కి ఏ యాప్ మంచిది?’ అని అడిగితే, పేరు చెప్పే ముందు ఇంకో మాట అడుగుతాను. మీరు వెళ్లే చోట ఆ గీతలు ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు? యాప్ చూపించేదే తప్ప మ్యాప్ దానిది కాకపోవచ్చు. ఒకే మ్యాప్‌ని పది యాప్‌లు పది రంగుల్లో చూపిస్తాయి. మనం రంగులు చూసి ఎంచుకుంటాం.

సిగ్నల్ లేకపోతే పోయేది ఏది?

చాలామంది అయోమయపడేది ఇక్కడే. సిగ్నల్ పోతే జీపీఎస్ కూడా పోతుందనుకుంటారు. పోదు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ తమ సమయం, స్థానం చెబుతూ ఉంటాయి. ఫోన్ వాటిని వింటుంది, అంతే. తిరిగి ఏమీ పంపదు. సిమ్ లేకపోయినా, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉన్నా ఇప్పటి ఫోన్లలో చుక్క కదులుతూనే ఉంటుంది. పోయేది మ్యాప్. ముందే దించుకోకపోతే ఖాళీ బూడిదరంగు తెర మీద చుక్క ఒక్కటే మిగులుతుంది. దాన్ని చూస్తే వచ్చే టెన్షన్ అనుభవించినవాళ్లకే తెలుసు.

ఇంకో రెండు విషయాలు. ఫోన్ ఆఫ్ చేసి చాలా దూరం ప్రయాణించి, నెట్ లేని చోట ఆన్ చేస్తే చుక్క వెంటనే రాదు. ఉపగ్రహాల వివరాలు మామూలుగా నెట్ నుంచి తెచ్చుకునే ఫోన్, అప్పుడు వాటి నుంచే నేరుగా వినాలి. ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలు పంపడానికి దాదాపు 30 సెకన్లు పడుతుంది. మధ్యలో చెట్లో కొండలో అడ్డం వస్తే మళ్లీ మొదటికి. కాబట్టి పైన ఆకాశం కనిపించే చోట కొన్ని నిమిషాలు ఆగండి. రెండోది టాబ్లెట్ కొనేవాళ్లకు. సెల్యులార్ లేని, వైఫై ఒక్కటే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ చిప్ ఉండదు. పెద్ద తెర కదా అని డాష్‌బోర్డ్‌కి బిగించి అడవిలోకి వెళ్లాక ఇది తెలిస్తే చేసేదేమీ లేదు. దానికి బ్లూటూత్ జీపీఎస్ రిసీవర్ విడిగా కొనాలి.

కచ్చితత్వం సంగతి చెప్పాలంటే, తెరిపి ఆకాశం కింద మామూలు ఫోన్ సుమారు 5 మీటర్ల లోపు చెబుతుంది. ఇరుకు లోయలో సిగ్నల్ రాతిగోడలకు తగిలి తిరిగి రావడంతో చుక్క అవతలి గట్టు మీదకు గెంతుతుంది. 2018 నుంచి కొన్ని ఫోన్లలో రెండు ఫ్రీక్వెన్సీలు అందుకునే చిప్‌లు వస్తున్నాయి, వాటిలో ఈ గెంతులు తక్కువ. అయినా రెండు కాలిబాటలు పది మీటర్ల దూరంలో విడిపోయే చోట చుక్కని నమ్మి వెంటనే నిర్ణయం తీసుకోకండి. యాభై అడుగులు నడిచి, చుక్క ఏ గీత వెంట జరుగుతోందో చూడండి.

ఊరి రోడ్ల యాప్‌లు ఎంతవరకు?

తారు రోడ్డు ఉన్నంతవరకు నేనూ గూగుల్ మ్యాప్స్ మీదే ఆధారపడతాను. ఏరియా దించుకుంటే సిగ్నల్ లేకున్నా కారు దారి చెబుతుంది. అయితే ఆఫ్‌లైన్‌లో నడక దారి, సైకిల్ దారి చెప్పదు. దించుకున్న మ్యాప్‌కి గడువు ఉంటుంది, అప్‌డేట్ చేయకుండా వదిలేస్తే పోతుంది. ఇవి చిన్న ఇబ్బందులు. పెద్ద ఇబ్బంది ఏమిటంటే, ఈ యాప్‌ల ధ్యాసంతా తొందరగా చేర్చడం మీదే. వాలు ఎంత నిటారుగా ఉంది, వాన పడితే ఆ మట్టి ఏమవుతుంది, మధ్యలో గేటు ఉందా అన్నవి వాటికి పెద్దగా పట్టవు.

2012 డిసెంబర్‌లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా పోలీసులు యాపిల్ మ్యాప్స్‌ని నమ్మవద్దని హెచ్చరించాల్సి వచ్చింది. మిల్డూరా పట్టణాన్ని ఆ మ్యాప్ అసలు చోటికి సుమారు 70 కిలోమీటర్ల అవతల, నీళ్లు దొరకని ఒక నేషనల్ పార్క్ మధ్యలో చూపించింది. అక్కడ ఎండ 46 డిగ్రీల దాకా వెళ్లగలదు. కొందరు 24 గంటల దాకా తిండీ నీళ్లూ లేకుండా చిక్కుకున్నారు. 2021లో స్కాట్లాండ్‌లోని బెన్ నెవిస్ పర్వతం దగ్గర గూగుల్ మ్యాప్స్ చూపిన దారి ప్రాణాంతకం కావచ్చని అక్కడి పర్వతారోహణ సంస్థలు చెప్పాయి. పార్కింగ్ నుంచి శిఖరానికి దగ్గరి దారి అని అది చూపింది బాటే లేని నిటారు రాతి వాలు. ఆ తప్పులు తర్వాత సరిదిద్దారు. కానీ ఆ రోజు ఆ గీత పట్టుకుని నడిచినవాడికి అది ఏం ఉపయోగం?

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కుటుంబం

2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఎవరైనా గీయగల, ఎవరైనా దిద్దగల మ్యాప్. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌అండ్, లోకస్ మ్యాప్, కొమూట్ ఇంకా బోలెడు యాప్‌ల అడుగున ఉన్నది ఇదే. ప్రపంచంలో ఎక్కడికి వెళ్లినా మొదట చూడాల్సింది ఈ కుటుంబాన్నే. కార్ల యాప్‌లకు పట్టని కాలిబాటలు, బండి జాడలు, ఊటలు, వాగు దాటే చోట్లు ఇందులో ఉంటాయి.

కానీ గీత కంటే విలువైనది గీతకు తగిలించిన వివరం. మట్టి దారికి 1 నుంచి 5 దాకా గ్రేడ్ ఇవ్వవచ్చు. 1 అంటే గట్టిగా చదును చేసిన దారి. 5 అంటే గడ్డి, మెత్తటి మట్టి, పక్కనున్న నేలకూ దారికీ తేడా తెలియనిది. ఉపరితలం ఏమిటి, ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరా, ప్రైవేటు స్థలమా అన్నవీ రాయవచ్చు. పర్వత బాటలకు విడిగా ఆరు మెట్ల కష్టం కొలత ఉంది. ఓస్మ్‌అండ్‌లో మ్యాప్ సెట్టింగుల్లోకి వెళ్లి ఈ వివరాలను తెర మీదకు తెచ్చుకోవచ్చు, దారి గీతను నొక్కి కూడా చూడవచ్చు. నేను కొత్త చోటికి వెళ్లేముందు చేసే మొదటి పని ఇదే. దారి పొడవునా నాలుగైదు చోట్ల నొక్కి చూస్తాను. గ్రేడ్, ఉపరితలం రాసి ఉంటే అక్కడికి మనిషి వెళ్లి చూసి ఉండవచ్చు. ఏమీ లేకుండా ఉత్త గీత ఉంటే, కుర్చీలో కూర్చుని ఉపగ్రహ చిత్రం చూసి గీసి ఉండవచ్చు. వివరం లేదంటే దారి బాగుందని కాదు, ఎవరూ రాయలేదని.

ఈ కుటుంబంలో ఏది? కొత్తవాళ్లకు ఆర్గానిక్ మ్యాప్స్ ఇస్తాను. ఉచితం, ప్రకటనలు లేవు, లాగిన్ లేదు, తెరిచిన క్షణంలో మ్యాప్ వస్తుంది. నేల ఎత్తుపల్లాలు తెలిపే కాంటూర్ గీతలు చూపిస్తుంది, దారి వివరాలు దాచుకునే జీపీఎక్స్ ఫైల్ తెరుస్తుంది. లాగిన్ లేకపోవడం ఎంత సుఖమో కింద చెబుతాను. ఓస్మ్‌అండ్ పూర్తిగా వేరే రకం. అందులో లేని సెట్టింగ్ లేదు, అదే దానితో చిక్కు. మొదటి వారం తిట్టుకుంటారు. ఓపిక పట్టి మీ బండికి తగ్గట్టు ఒక ప్రొఫైల్ సిద్ధం చేసుకుంటే మాత్రం ఇంకోటి అక్కర్లేదు. కొన్ని సదుపాయాలకు డబ్బు కట్టాలి, కట్టదగినవే. రెండూ కార్ స్క్రీన్ మీద కూడా పనిచేస్తాయి.

ఒక ప్రాంతానికే పుట్టినవి

ప్రపంచమంతా ఒకే యాప్ అన్నది వినడానికి బాగుంటుంది. నిజానికి కొన్ని చోట్ల ఆ ప్రాంతాన్నే పట్టుకుని పనిచేసినవాళ్ల మ్యాప్ ముందు మిగతావి నిలవవు. ఆస్ట్రేలియా లోపలి భాగాలకు హెమా మ్యాప్స్, ఆఫ్రికా దక్షిణ దేశాలకు ట్రాక్స్‌ఫర్‌ఆఫ్రికా అలాంటివి. ఆ దారుల్లో స్వయంగా తిరిగినవాళ్లు నమోదు చేసిన సమాచారం వాటి బలం.

అమెరికాలో అయితే ఎంపిక ఎక్కువై ఇబ్బంది. ఆన్ఎక్స్ ఆఫ్‌రోడ్ బండివాళ్లది. ఏ దారి ఎంత కష్టం, ఏ వెడల్పు బండ్లు పడతాయి, ఎప్పుడు తెరిచి ఉంటుంది, ఎక్కడి నుంచి ప్రైవేటు భూమి మొదలవుతుంది అన్నవి ఒక్క చోట చూపిస్తుంది. గయా జీపీఎస్ కాలినడకవాళ్లకు నచ్చే యాప్. టోపో మ్యాప్ (ఎత్తుపల్లాలు చూపేది), ఉపగ్రహ చిత్రం, ప్రభుత్వ మ్యాప్‌లు ఒకదాని మీద ఒకటి పరిచి చూడవచ్చు, ఆఫ్‌లైన్ కావాలంటే చందా కట్టాలి. క్యాల్‌టోపో చూడటానికి అందంగా ఉండదు కానీ గాలింపు, రక్షణ బృందాలు వాడేది అదే. దాని వాలు రంగులు చూడటం నేర్చుకుంటే ఏ గుట్ట ఎంత నిటారో ఇంట్లోనే తెలుస్తుంది. హిమపాతాలు ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద, అందుకే మంచులో తిరిగేవాళ్లు ఆ రంగులే ముందు చూస్తారు. నాకు బండి ప్రయాణమైతే ఆన్ఎక్స్, నడక అయితే క్యాల్‌టోపో. గయా రెండింటికీ మధ్యస్థం, ఒక్కదానికే డబ్బు పెట్టగలిగితే అది.

వాలు రంగుల గురించి చిన్న మాట. అవి ఎత్తుల డేటా నుంచి లెక్కకట్టినవి. ప్రపంచంలో చాలా చోట్లకు దొరికే ఎత్తుల డేటా 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచినది, సుమారు 30 మీటర్లకు ఒక చుక్క. అంటే పది మీటర్ల కొండచరియ ఆ చుక్కల మధ్య మాయమైపోగలదు. కాంటూర్ గీతలు మెత్తగా సాగుతూ ఉంటాయి, మీ కాళ్ల ముందు మాత్రం గోడ ఉంటుంది.

అవెంజా మ్యాప్స్ గురించి తక్కువమందికి తెలుసు. పార్క్‌వాళ్లో అటవీ శాఖో తయారుచేసిన పీడీఎఫ్ మ్యాప్‌ని తెరిచి దాని మీదే మీ చుక్కని చూపిస్తుంది. అమెరికా ఫారెస్ట్ సర్వీస్ ఏ రోడ్డు మీద ఏ బండి, ఏ నెలల్లో వెళ్లవచ్చో చెప్పే మ్యాప్‌లు విడుదల చేస్తుంది. చూడటానికి నలుపు తెలుపుల్లో బోసిగా ఉంటాయి, కానీ జరిమానా పడుతుందా లేదా అన్నది తేల్చేది అవే. దారి ఉండటం వేరు, ఆ దారిలో వెళ్లే హక్కు ఉండటం వేరు.

ఇక ఆల్‌ట్రెయిల్స్, వికీలాక్. ఇవి దారి వెతుక్కోవడానికి బాగుంటాయి, దారి నడవడానికి అంత కాదు. ఒకరు నడిచి రికార్డు చేసిన జాడ అంటే అక్కడ మనిషి నడిచాడన్నమాట, అది ఉత్త గీత కంటే నయం. కానీ ఆ మనిషి దారి తప్పి తిరిగిన వంకర్లు కూడా ఆ జాడలో ఉంటాయి! రివ్యూల్లో నక్షత్రాలు వదిలేసి తేదీలు చూడండి. ‘అద్భుతం’ అని మూడేళ్ల కిందట రాసినదాని కంటే ‘వంతెన లేదు, వెనక్కి వచ్చాం’ అని పోయిన వారం రాసిన ఒక్క లైను ముఖ్యం.

రెండు యాప్‌లు ఉండాలి, కానీ ఏ రెండు?

ఒకటి పాడైతే ఇంకోటి అని అందరూ రెండు పెట్టుకుంటారు. అయితే ఆ రెండూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీదే నడిచేవైతే ఒకే సాక్షిని రెండుసార్లు అడిగినట్టే. రెండూ ఒకే తప్పు చెబుతాయి, మీరేమో రెండూ ఒప్పుకున్నాయని ధైర్యంగా ముందుకు పోతారు. ఒకటి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ యాప్ అయితే రెండోది ప్రభుత్వ టోపో మ్యాప్ చూపించేదో, ఆ ప్రాంతపు ప్రత్యేక మ్యాపో అయి ఉండాలి. పైన ఇటీవలి ఉపగ్రహ చిత్రం కూడా దించుకుంటే ఇంకా మంచిది. మ్యాప్‌లు రెండూ ఒకలా లేని చోట ఒక గుర్తు పెట్టుకోండి. ప్రయాణంలో మీకు సమయం పట్టేది సరిగ్గా అక్కడే.

బయల్దేరే ముందు రోజు రాత్రి

మ్యాప్ దించుకునేటప్పుడు జూమ్ దగ్గర జనం మోసపోతారు. చిత్రాల రూపంలో ఉండే మ్యాప్‌లలో ఒక్కో జూమ్ మెట్టు దిగితే ముక్కల సంఖ్య నాలుగు రెట్లవుతుంది. రెండు మెట్లకు పదహారు రెట్లు. అందుకే మీరు పెద్ద ఏరియా ఎంచుకోగానే యాప్ చడీచప్పుడు లేకుండా లోపలి జూమ్ వదిలేయవచ్చు. దించుకున్నాననే అనుకుంటారు, అక్కడికి వెళ్లి దగ్గరగా లాగితే మసక. దారి పొడవునా సన్నటి పట్టీకి లోతు జూమ్, చుట్టుపక్కల పెద్ద ప్రాంతానికి పైపై జూమ్ చాలు. ఆ చుట్టుపక్కల ప్రాంతం మాత్రం మానకండి. దారి మూసుకుపోతే తప్పించుకునే రోడ్డు ఉండేది అందులోనే. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌అండ్‌ల మ్యాప్‌లు వెక్టర్ రకం, అంటే చిత్రాలుగా కాక గీతల డేటాగా ఉంటాయి కాబట్టి ఈ గొడవ లేదు, మొత్తం రాష్ట్రమో దేశమో దించేసుకోవచ్చు.

తర్వాత పరీక్ష. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూసి, యాప్‌ని పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. నేను ఒకసారి ఇది చేయకుండా వెళ్లాను. సిగ్నల్ లేని గేటు దగ్గర యాప్ తెరిస్తే ‘మళ్లీ లాగిన్ అవ్వండి’ అంది. దించుకున్న మ్యాప్‌లన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి, తాళం మాత్రం నెట్‌లో ఉంది. లాగిన్ అడగని యాప్ ఒకటి ఎప్పుడూ ఉండాలనడం అందుకే. మూసి తెరిచాక దారిలో ఏదో ఒక మలుపు దగ్గరికి జూమ్ చేయండి, చివరి మెట్టు దాకా. కాంటూర్లు వచ్చాయా, పేర్లు వచ్చాయా చూడండి. ఒక చోటు వెతకండి, చాలా యాప్‌లలో మ్యాప్ ఆఫ్‌లైన్‌లో వచ్చినా వెతుకులాట రాదు.

ఫోన్ కూడా మనకు తెలియకుండా పొదుపు చేస్తుంటుంది. ఐఫోన్‌లో వాడని యాప్‌లను తీసేసే ఆప్షన్ ఆన్‌లో ఉంటే, ఆరు నెలలుగా ముట్టని ట్రెయిల్ యాప్ బొమ్మ మాత్రం తెర మీద ఉంటుంది, నొక్కితే డౌన్‌లోడ్ మొదలవుతుంది. ఆండ్రాయిడ్‌లో నెలల తరబడి వాడని యాప్ లొకేషన్ అనుమతి దానంతటదే పోతుంది. పైగా జాడ రికార్డు పెట్టి తెర ఆపితే, బ్యాటరీ పొదుపు కోసం ఫోన్ ఆ యాప్‌ని మధ్యలో ఆపేస్తుంది. సాయంత్రం చూస్తే మీ జాడ మొదటి పావుగంట దగ్గరే తెగి ఉంటుంది. సెట్టింగుల్లో ఆ ఒక్క యాప్‌కి బ్యాటరీ పరిమితి తీసేయండి.

జీపీఎక్స్ ఫైల్ ఎవరైనా పంపితే అందులో రూట్ ఉందా, ట్రాక్ ఉందా చూడండి. ట్రాక్ అంటే వాళ్లు వెళ్లిన జాడ, చుక్క చుక్కగా. రూట్ అంటే కొన్ని మలుపు చుక్కలే. వాటి మధ్య దారిని మీ యాప్ తనకు తోచినట్టు కలుపుకోవచ్చు. ఒకే ఫైల్ రెండు ఫోన్లలో రెండు దారులు చూపించేది ఇందుకే. అడవిలోకి ట్రాకే తీసుకెళ్లండి.

అక్షాంశ రేఖాంశాలు ఫోన్‌లో ఎవరికైనా చదివి చెప్పాల్సి వస్తే ఏ పద్ధతిలో చెబుతున్నారో ముందు చెప్పండి. 36.30 డిగ్రీలు, 36 డిగ్రీల 30 నిమిషాలు ఒకటి కావు. మొదటిది నిజానికి 36 డిగ్రీల 18 నిమిషాలు. తేడా 12 నిమిషాలు, ఉత్తర దక్షిణాల్లో సుమారు 22 కిలోమీటర్లు. సాయానికి వచ్చేవాళ్లు పక్క లోయలో వెతుకుతుంటారు. పాత కాగితం మ్యాప్ నుంచి అంకెలు తీసుకుంటే ఇంకో చిక్కు, ఫోన్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అనే డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు లెక్కకట్టే ఆధారం) కాకుండా పాత డేటమ్ మీద గీసినదైతే చోటు వంద, రెండు వందల మీటర్లు జరిగిపోవచ్చు.

దారిలో

తెర వెలుగే బ్యాటరీని ఎక్కువగా తినేది. నడకలో ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, తెర ఆపి, మలుపు దగ్గర మాత్రం చూడండి. చలిలో ఫోన్ లోపలి జేబులో, ఒంటి వేడికి ఉండాలి. లిథియం బ్యాటరీ చలికి 40 శాతం చూపిస్తూనే ఆరిపోగలదు. ఎండలో దానికి ఎదురు సమస్య. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని యాపిలే చెబుతుంది. అద్దం వెనక, చార్జింగ్‌లో, తెర వెలుగు పూర్తిగా పెట్టి ఉంచితే మధ్యాహ్నానికి వేడెక్కి ఆగిపోతుంది. ఏసీ గాలి తగిలే చోట బిగించండి. అయస్కాంతం ఉన్న హోల్డర్ అయితే ఫోన్ దిక్సూచిని నమ్మకండి, బండి కదులుతున్నప్పుడు చుక్క జరిగే దిశే నిజం.

కాగితం మ్యాప్, మామూలు దిక్సూచి తీసుకెళ్లాలా? తీసుకెళ్లాలి, వాడటం కూడా రావాలి. సిగ్నల్ లేని చోట కబురు పంపే ఉపగ్రహ పరికరం నావిగేషన్ యాప్‌కి బదులు కాదు, యాప్ దానికి బదులు కాదు. ఒక్కరే వెళ్లేవాళ్లకు రెండో యాప్ చందా కంటే ముందు కొనాల్సింది అదే.

ఆ వాగు దగ్గర రివర్స్‌లో వచ్చిన రోజు సాయంత్రం, సిగ్నల్ రాగానే ఆ మ్యాప్‌లో పొరపాటు తెలియజేసే ఆప్షన్ వెతికాను. తేదీ, గట్టు తెగిన చోటు అంకెలు, రెండు ఫోటోలు పెట్టాను. జవాబేమీ రాలేదు. రెండు నెలల తర్వాత అప్‌డేట్ దించుకుని అదే చోటికి జూమ్ చేసి చూశాను. వాగు మీద గీత తెగి ఉంది, ఇటువైపు ముక్క చివర దారి మూత అనే చిన్న గుర్తు ఉంది.